లైవ్ రాక్‌ను ట్యాంకులోకి దించే ముందు టబ్బులో జరగాల్సిన పని

ఉప్పునీటి అక్వేరియం పెట్టాలనుకునేవాళ్ల ఆలోచన ఎక్కువగా లైట్ల చుట్టూ, చేపల చుట్టూ తిరుగుతుంది. ట్యాంకు నిలుస్తుందా లేదా అన్నది మాత్రం చాలాసార్లు అందులో పేర్చే రాళ్ల దగ్గరే తేలిపోతుంది. పగడపు దిబ్బ నుంచి జీవులతో సహా వచ్చిన రాయిని (లైవ్ రాక్ అనేది దీన్నే) పెట్టెలోంచి తీసి, పైపైన కడిగి, నేరుగా చేపలున్న నీళ్లలోకి దించేస్తే కొద్ది రోజుల్లోనే నీళ్లు తెల్లగా మసకబారతాయి. మూత తీస్తే కుళ్లిన గుడ్ల వాసన కొడుతుంది. చేపలు పైకొచ్చి ఆయాసపడతాయి. అప్పుడు చాలామంది చేపలు అమ్మిన షాపును తిట్టుకుంటారు. నిజానికి జరిగింది వేరు. బయట టబ్బులో చావాల్సినవి ట్యాంకులో చచ్చాయి.

దారిలో చచ్చినవాటినీ, చావబోతున్నవాటినీ చేపలకు దూరంగా కుళ్లనిచ్చి, ఆ కుళ్లు నుంచి పుట్టే అమ్మోనియాను తినే బ్యాక్టీరియా సరిపడా పెరిగేదాకా ఆగాలి. రాయిని సిద్ధం చేయడంలో ముఖ్యమైన పని ఇదే. హాబీలో దీన్ని క్యూరింగ్ అంటారు. ఎంతకాలం చేయాలి, ఎంత గట్టిగా చేయాలి అన్నదానికి ఒకే జవాబు లేదు. రాయి ఎక్కణ్నుంచి వచ్చింది, ఎన్నాళ్లు ప్రయాణించింది, దానిమీద దేన్ని బతికించుకోవాలనుకుంటున్నారు అన్నదాన్ని బట్టి అది మారిపోతుంది.

రాయి లోపల ఏం జరుగుతుంది

చూడ్డానికి రాయే గానీ, అది పగడాల అస్థిపంజరాలు, గుల్లలు, సున్నం పేర్చుకునే నాచు కలిసి ఏళ్ల తరబడి గట్టిపడిన ముద్ద. రసాయనికంగా కాల్షియం కార్బొనేట్, ఎక్కువగా అరగొనైట్ అనే ఖనిజ రూపంలో. అక్వేరియానికి పనికొచ్చేది దాని గుల్లతనం. నీటి ఒరవడి తగిలే పైపొరల్లో ఆక్సిజన్ పుష్కలంగా ఉంటుంది. అక్కడి బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నీళ్లు మెల్లగా మాత్రమే ఊరే లోపలి రంధ్రాల్లో ఆక్సిజన్ అయిపోతుంది. అక్కడుండే వేరే రకం బ్యాక్టీరియా నైట్రేట్‌లోని ఆక్సిజన్‌నే వాడుకుని నైట్రోజన్ వాయువును వదిలేస్తుంది. మామూలు ఫిల్టర్ స్పాంజి మొదటి పనిని బాగానే చేస్తుంది. రెండో పనికి మాత్రం దానిలో చోటు లేదు.

ఈ సంగతిని అనుభవం మీద పట్టుకున్నవాళ్లలో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ ముందువరసలో ఉంటాడు. 1960ల మొదట్లోనే ఆయన సముద్రపు రాళ్లు, సముద్రపు నీళ్లు, గాలి బుడగలు, వెలుతురు తప్ప పెద్ద పరికరాలేమీ లేకుండా ఉప్పునీటి ట్యాంకులు నడిపించాడు. తర్వాత జర్మనీలో, ముఖ్యంగా బెర్లిన్ హాబీయిస్టుల మధ్య, లైవ్ రాక్‌కు తోడు బలమైన ప్రొటీన్ స్కిమ్మర్ (నీళ్లలోని మలినాలను నురగతో లాగేసే పరికరం) పెట్టే పద్ధతి స్థిరపడింది. ఈనాటికీ దాన్ని బెర్లిన్ పద్ధతి అనే పిలుస్తారు.

ఇంకో చిక్కు ఏమిటంటే, రాయి మీద బ్యాక్టీరియా ఒక్కటే ఉండదు. స్పాంజీలు, నత్తలు, పురుగులు, పీతలు, రకరకాల నాచు, కంటికి ఆనని చిన్న జీవులు కూడా ఉంటాయి. దూరదేశపు సముద్రంలో తీసిన రాయిని మామూలుగా తడి కాగితాల్లో చుట్టి, థర్మాకోల్ పెట్టెల్లో పెట్టి విమానంలో పంపుతారు. నీళ్లు నింపి పంపితే బరువు పెరిగి రవాణా ఖర్చు మోయలేనిదవుతుంది. దారిలో రెండు మూడు రోజులు, కస్టమ్స్ దగ్గర మరికొంత సేపు. గాలి తగలడమే ఇబ్బంది అయిన స్పాంజీలు అన్నిటికంటే ముందు చస్తాయి. వాటి వెనకే మెత్తని శరీరాలున్నవన్నీ. బ్యాక్టీరియా మాత్రం తడి ఆరనంత వరకు చాలామట్టుకు నిలబడుతుంది. కాబట్టి పెట్టె తెరిచేసరికి చేతికొచ్చేది సగం బతికి, సగం కుళ్లడం మొదలైన సరుకు. ఊదా రంగు మచ్చలు ఎక్కువుంటే మంచి రాయి అని షాపుల్లో చెబుతుంటారు. ఆ రంగు సున్నపు నాచుది. అందంగా ఉంటుంది నిజమే, కానీ లోపలి బ్యాక్టీరియా ఎంతుందో అది చెప్పదు. రాయిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడటం అంతకంటే నమ్మకమైన పరీక్ష. సముద్రపు ఒడ్డు వాసన వస్తే పర్వాలేదు, కుళ్లు వాసన వస్తే పని చాలా ఉందన్నమాట.

టబ్బులో కుళ్లనివ్వడం

ఆహార పదార్థాలకు వాడే రకం పెద్ద ప్లాస్టిక్ డ్రమ్మో టబ్బో చాలు. అందులో ఉప్పు కలిపిన నీళ్లు ముందురోజే సిద్ధం చేసుకోవాలి. సాంద్రత 1.026 దగ్గర, అంటే వెయ్యికి 35 పాళ్ల ఉప్పు. ఉష్ణోగ్రత 25, 26 డిగ్రీలు. నీళ్లను గట్టిగా తిప్పే పవర్‌హెడ్ ఒకటి, వీలైతే స్కిమ్మర్. రాళ్లు టబ్బు అడుగున కూర్చోకుండా పీవీసీ పైపు ముక్కలతో చిన్న అరుగు కట్టి దానిమీద పేర్చితే, రాలే చెత్త కిందికి దిగిపోతుంది. సైఫన్ గొట్టంతో దాన్ని లాగేయడం తేలిక.

దించే ముందు ఒక్కో రాయినీ చేతిలో తిప్పి చూడాలి. నల్లగా మారినవి, తెల్లని జిగురు పొర కట్టినవి, వేలితో నొక్కితే జారిపోయే స్పాంజీలు, ఇవన్నీ పాత టూత్‌బ్రష్‌తోనో చాకు మొనతోనో తీసేయాలి. తర్వాత ఇంకో బకెట్లో ఉప్పునీళ్లలో ముంచి జాడించాలి. ఇక్కడ కొళాయి నీళ్లు వాడటం చాలామంది చేసే పొరపాటు. మంచినీళ్లు తగిలితే ఒక్కసారిగా ఉప్పు తేడా వచ్చి ఇంకా బతికున్న పురుగులు, చిన్న జీవులు కూడా చస్తాయి. శుభ్రం చేద్దామనుకుంటే కుళ్లాల్సిన సరుకు పెరుగుతుంది.

ఆ తర్వాత కుళ్లే పనిని బ్యాక్టీరియాకు వదిలేసి, నీళ్లను గమనిస్తుండాలి. రెండు మూడు రోజులకోసారి అమ్మోనియా పరీక్ష. ఒక పీపీఎం (పది లక్షల పాళ్లకు ఒక పాలు) దాటితే సగం నీళ్లు మార్చడం. వారానికి ఒకసారైనా రాళ్లను బయటకు తీసి, కొత్తగా తేలిన కుళ్లును మళ్లీ బ్రష్ చేసి, అడుగున చేరిన బురదను లాగేయడం. దగ్గరి నుంచి, త్వరగా వచ్చిన రాయికి ఇది ఒకటి రెండు వారాల్లో అయిపోవచ్చు. దూరం నుంచి వచ్చి, స్పాంజీలు ఎక్కువున్న రాయికి ఎనిమిది వారాలు కూడా పడుతుంది.

అమ్మోనియాను ఎంతదాకా పెరగనివ్వాలన్న దానిమీద హాబీలో పాత గొడవ ఒకటుంది. ఎంత పెరిగితే బ్యాక్టీరియాకు అంత మేత, కాబట్టి నీళ్లు మార్చకూడదు అనేవాళ్లు ఒక పక్క. ఈ వాదన ఎండు రాయికి కొంతవరకు సరిపోతుందేమో గానీ, జీవమున్న రాయికి సరిపోదు. అందులో బ్యాక్టీరియా ముందే ఉంది, నీళ్లలో కాదు, రాయి ఉపరితలానికి అంటుకుని ఉంది. నీళ్లు మార్చితే అది పోదు. అమ్మోనియా పెరిగేకొద్దీ చచ్చేవి రాయిలో మిగిలిన పురుగులు, నత్తలు. అవి చస్తే ఇంకా అమ్మోనియా. డబ్బు పోసి లైవ్ రాక్ కొన్నది ఆ జీవుల కోసమే అయినప్పుడు, నీళ్లు మార్చడానికి బద్ధకించడంలో అర్థం లేదు.

అమ్మోనియా అంత భయపడాల్సినదెందుకో భీమవరం, కైకలూరు వైపు రొయ్యల చెరువులు చేసేవాళ్లకి చెప్పనక్కర్లేదు. నీళ్లలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. అమ్మోనియం అయాన్ పెద్దగా హాని చేయదు, అయాన్ కాని అమ్మోనియా విషం. పీహెచ్ పెరిగేకొద్దీ విషం వైపు మొగ్గు పెరుగుతుంది. అందుకే మధ్యాహ్నం పీహెచ్ ఎక్కాక చెరువులో టెన్షన్ మొదలవుతుంది. పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో అర శాతం మాత్రమే విషరూపంలో ఉంటే, ఉప్పునీటి ట్యాంకు ఉండే 8.2 దగ్గర అది అయిదారు శాతం దాటుతుంది. అంటే మంచినీటి ట్యాంకులో సర్దుకుపోయే అంకె ఉప్పునీటిలో పది రెట్లకు పైగా ప్రమాదం. నైట్రైట్ సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. ఉప్పునీళ్లలోని క్లోరైడ్ అయాన్లు చేప మొప్పల్లోంచి నైట్రైట్ లోపలికి పోకుండా చాలావరకు అడ్డుకుంటాయి. ఉప్పు తక్కువున్న చెరువుల్లోనే నైట్రైట్ బాధ ఎక్కువ కనిపించడానికి కారణమూ ఇదే. కాబట్టి టెస్ట్ కిట్‌లో నైట్రైట్ రంగు కనిపిస్తే క్యూరింగ్ ఇంకా పూర్తికాలేదని గుర్తుపెట్టుకుంటే చాలు, కంగారు అక్కర్లేదు.

ఆక్సిజన్ గురించి మాత్రం కంగారు పడాల్సిందే. 25 డిగ్రీల దగ్గర మంచినీళ్లు లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టి ఉంచితే, సముద్రపు నీళ్లు 7 మిల్లీగ్రాముల లోపే పట్టి ఉంచుతాయి. వేడెక్కేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. కుళ్లే పదార్థం ఆ కొద్దిపాటి ఆక్సిజన్‌నూ లాగేస్తుంది. మన ఎండాకాలంలో, కరెంటు పోయిన మధ్యాహ్నం, పవర్‌హెడ్ ఆగిపోయిన టబ్బులో కొన్ని గంటల్లోనే నీళ్లు ఊపిరాడని స్థితికి చేరతాయి. అక్కణ్నుంచి కుళ్లిన గుడ్ల వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పుట్టించే బ్యాక్టీరియాది పైచేయి. వారం రోజుల పని ఒక్క పూటలో వెనక్కి పోతుంది. టబ్బు పవర్‌హెడ్‌నో, కనీసం చిన్న ఎయిర్ పంపునో ఇన్వర్టర్ లైనుకు కలపడం ఖరీదైన లైట్లు కొనడం కంటే ముందు చేయాల్సిన పని.

లైటు వేయాలా వద్దా అన్నది పెద్ద ప్రశ్న కాదు. చీకట్లో ఉంచితే పచ్చ నాచు పెరగదు, ఊదా నాచు కొంత తెల్లబడుతుంది. కొద్దిగా లైటు వేస్తే రెండూ ఉంటాయి. తెల్లబడిన నాచు తర్వాత ట్యాంకులో తిరిగి వస్తుంది కాబట్టి చీకటే మేలు.

పిలవకుండా వచ్చినవాళ్లు

క్యూరింగ్ టబ్బు వల్ల ఇంకో లాభముంది. రాయిలో దాక్కుని వచ్చినవి ట్యాంకులోకి వెళ్లకముందే బయటపడతాయి. అన్నీ శత్రువులు కావు. ముళ్లలాంటి వెంట్రుకలున్న బ్రిసిల్ పురుగుల్లో చాలామట్టుకు మిగిలిన మేతను తినిపెట్టే మంచి పనివాళ్లే. చూడ్డానికి అసహ్యంగా ఉన్నాయని వాటిని ఏరి పారేయడం ఎక్కువగా కనిపించే పొరపాటు. అసలు భయపడాల్సినవి వేరు. మాంటిస్ రొయ్య చేపల్ని, పీతల్ని కొట్టి చంపుతుంది. రాత్రిపూట టబ్బులోంచి టక్ టక్ మని శబ్దం వస్తే అది ఉండవచ్చు. వెంట్రుకల కాళ్లున్న నల్ల పీతలు పగడాలను, నత్తలను తింటాయి. అయిప్టేషియా అనే చిన్న గోధుమరంగు సముద్రపు పువ్వు ఒక్కటి చాలు, ఏడాదిలో ట్యాంకంతా పరుచుకుంటుంది. దాన్ని కోసినా, గీకినా ముక్కముక్క నుంచీ కొత్తది పుడుతుంది. పచ్చని గాజు గోళీల్లా కనిపించే బుడగ నాచును టబ్బులోనే చిట్లకుండా తీసేయాలి.

రంధ్రంలో దాక్కున్నదాన్ని బయటకు రప్పించడానికి హాబీయిస్టులు వాడే ఉపాయం తేలికైనదే. రాయిని కాసేపు నీళ్లపైన జాలీ మీద పెడితే పీతలు, రొయ్యలు నీళ్లు వెతుక్కుంటూ కింది బకెట్లోకి జారతాయి. మొండికేసినదాని కన్నంలోకి సిరంజితో సోడా నీళ్లు కొట్టవచ్చు. ఎక్కువ ఉప్పు కలిపిన నీళ్లలో కొన్ని నిమిషాలు ముంచడం ఇంకో దారి. ఇది రాయిమీది మంచి జీవుల్ని కూడా కొంత దెబ్బతీస్తుంది కాబట్టి అనుమానం గట్టిగా ఉన్న రాయికే చేయాలి.

వీటన్నిటికంటే తేలిక అనిపించే ఉపాయం రాయిని ఉడకబెట్టేయడం. అదే అన్నిటికంటే ప్రమాదకరం. రాయి మీద గుండీల్లా గుంపులుగా పెరిగే పాలిథోవా, జోయాంథిడ్ జాతి జీవులు కొన్ని అంటుకుని ఉండవచ్చు. వాటిలో కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. 1971లో హవాయిలో శాస్త్రవేత్తలు పాలిథోవా నుంచి దాన్ని వేరుచేశారు. శరీర కణాల్లో సోడియం, పొటాషియంల రాకపోకలు నడిపే పంపునే అది చెడగొడుతుంది. సహజంగా దొరికే విషాల్లో అత్యంత తీవ్రమైనవాటిలో ఒకటి. వేడికి అది పాడవదు. ఉడుకుతున్న రాయి ఆవిరితో, తుంపరలతో గాల్లోకి ఎక్కి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. ఉడకబెట్టక్కర్లేదు, గట్టిగా గీకినా ఇదే. 2018 మార్చిలో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో స్టీవెంటన్ అనే ఊళ్లో ఒక ఇంట్లో అక్వేరియం పగడాన్ని శుభ్రం చేస్తుండగా కుటుంబమంతా అస్వస్థతకు గురైంది. సహాయానికి వచ్చిన అగ్నిమాపక సిబ్బంది కూడా ఆసుపత్రికి వెళ్లాల్సివచ్చింది. అందుకని గుండీల్లాంటి గుంపులు కనిపించిన రాయిని పొడిగా గీకకూడదు, వేడినీళ్లు పోయకూడదు. ఏం చేసినా నీళ్ల కిందే చేయాలి, చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని. తొడుగులకు ఇంకో కారణం మైకోబ్యాక్టీరియం మెరైనం. చేతిమీది చిన్న గీత గుండా చర్మంలోకి దిగి నెలల తరబడి మానని గడ్డలు తెచ్చే బ్యాక్టీరియా ఇది.

వేరేవాళ్ల పాత ట్యాంకు నుంచి తెచ్చుకున్న రాయికి ఈ పురుగుల కంటే చేపల జబ్బు ముఖ్యం. తెల్లమచ్చల జబ్బు తెచ్చే క్రిప్టోకేరియన్ పరాన్నజీవి గుడ్డులాంటి దశలో రాయికి అంటుకుని వారాల తరబడి ఉండిపోగలదు. చేపలు లేని నీళ్లలో రాయిని 76 రోజులు ఉంచడం హాబీలో స్థిరపడిన లెక్క. ఆ ట్యాంకులో ఎప్పుడైనా రాగి మందు వాడారేమో కూడా అడగాలి. కాల్షియం కార్బొనేట్ రాగిని పట్టేసుకుని తర్వాత మెల్లగా వదులుతుంది. పగడాలు, రొయ్యలు, నత్తలు ఆ కొద్దిపాటికే చస్తాయి. రాగి తాగిన రాయిని ఎన్నిసార్లు కడిగినా లాభం లేదు, చేపలు మాత్రమే ఉండే ట్యాంకుకు పెట్టుకోవచ్చు.

సముద్రంలోంచి తీసిన రాయి అసలు దొరుకుతుందా

ఇంతసేపూ చెప్పుకున్న రాయి ఇప్పుడు అంత తేలిగ్గా దొరకదు. రాతిపగడాలన్నీ సైటీస్ (ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి. లైవ్ రాక్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. ఒకప్పుడు ప్రపంచానికి పెద్దఎత్తున ఎగుమతి చేసిన ఫిజీ 2017 చివర్లో ఎగుమతిని నిషేధించింది. అమెరికాలోని ఫ్లోరిడాలో సముద్రపు రాయి తవ్వకం 1990ల్లోనే ఆగిపోయింది. అక్కడివాళ్లు వేరే దారి పట్టారు. నేలమీద తవ్విన సున్నపురాయిని కౌలుకు తీసుకున్న సముద్రపు అడుగున పోసి, ఒకటి రెండేళ్లు జీవం పట్టాక పైకి తీసి అమ్ముతారు.

మన దేశంలో సంగతి ఇంకా స్పష్టం. 2001లో దిబ్బలు కట్టే రాతిపగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఉన్న రక్షణే పగడానికీ. మన్నార్ సింధుశాఖలోనో, అండమాన్‌లోనో, లక్షద్వీప్‌లోనో దిబ్బ నుంచి ముక్క విరిచి తేవడం నేరం. దీన్ని అతి అనుకోవడానికి లేదు. మన్నార్ సింధుశాఖలో సున్నం కోసం, కట్టడాల కోసం దశాబ్దాలపాటు పగడపురాయిని తవ్విపోశారు. జాతీయ సముద్ర పార్కులోని 21 దీవుల్లో రెండు నీటమునిగాయి. చుట్టూ ఉన్న దిబ్బ పోతే అలల్ని ఆపేది ఉండదు. ఒక డ్రాయింగ్ రూమ్ ట్యాంకు కోసం ఆ లెక్కకు ఇంకో ముక్క కలపడంలో న్యాయం కనిపించదు.

కాబట్టి ఇక్కడ ఉప్పునీటి ట్యాంకు పెట్టేవాళ్లకు మిగిలిన దారి ఎండు రాయి, లేదా మనిషి చేసిన రాయి. దానికి క్యూరింగ్ అక్కర్లేదనుకుంటారు. అక్కడే మోసపోతారు.

ఎండు రాయికీ గతం ఉంటుంది

ఒకప్పుడు నీళ్లలో ఉండి ఎండిపోయిన రాయి రంధ్రాల్లో చచ్చిన స్పాంజీలు, పురుగులు ఎండి అతుక్కుని ఉంటాయి. తడి తగలగానే అవి కుళ్లడం మొదలుపెడతాయి. ముందు వాటిని వదిలించాలి. అందుకు పనికొచ్చేది బ్లీచ్, అంటే వాసనలు, రంగులు కలపని సోడియం హైపోక్లోరైట్ ద్రావణం. ఒక పాలు బ్లీచ్‌కు పది పాళ్ల నీళ్లు కలిపి కొన్ని రోజులు నానబెడితే సేంద్రియ పదార్థం చాలావరకు పోతుంది. తర్వాత కడిగి, సోడియం థయోసల్ఫేట్ కలిపిన నీళ్లలో ముంచి, వారం రోజులు ఎండలో పడేయాలి. మన రొయ్య హేచరీల్లో సముద్రపు నీటిని క్లోరిన్‌తో శుద్ధిచేశాక మిగిలిన క్లోరిన్‌ను తీసేయడానికి వాడేది ఈ థయోసల్ఫేట్‌నే కాబట్టి కోస్తా జిల్లాల్లో అది దొరకడం కష్టం కాదు.

ఫాస్ఫేట్ ఇంకా మొండిది. కాల్షియం కార్బొనేట్ ఫాస్ఫేట్‌ను ఉపరితలానికి పట్టుకుని ఉంచుతుంది. చుట్టూ నీళ్లలో అది తగ్గినప్పుడల్లా కొంచెం కొంచెంగా వదులుతుంది. నీళ్లు మార్చిన మర్నాడే టెస్ట్ కిట్‌లో పాత అంకె మళ్లీ కనిపించి, మేత ఎక్కువ వేశామేమో అని అనుమానపడేవాళ్లు చాలామంది. నెలల తరబడి తగ్గని పచ్చ నాచుకు మూలం చాలాసార్లు ఇదే. దీనికి హాబీలో రెండు మందులున్నాయి. ఒకటి లాంథనం క్లోరైడ్. టబ్బులో కొద్దికొద్దిగా వేస్తే ఫాస్ఫేట్‌ను కరగని పొడిగా మార్చేస్తుంది, దాన్ని సన్నని వడపోత సంచీతో పట్టి తీసేయాలి. రెండోది ఆసిడ్ స్నానం. పది పాళ్ల నీళ్లలో ఒక పాలు హైడ్రోక్లోరిక్ ఆసిడ్ పోసి రాయిని కొద్ది నిమిషాలు ముంచితే బుసబుసమని నురగ వచ్చి పైపొర కరిగిపోతుంది, దానితోపాటు అక్కడ పట్టుకున్న ఫాస్ఫేట్ కూడా. బుడగలు కార్బన్ డయాక్సైడ్‌వి. నీళ్లలోకి ఆసిడ్ పోయాలి గానీ ఆసిడ్‌లోకి నీళ్లు పోయకూడదు. ఆరుబయట చేయాలి, పిల్లల్ని దూరంగా ఉంచాలి. బాత్రూమ్ శుభ్రానికి అమ్మే సీసాల్లో చాలావాటిలో సబ్బు, రంగు, చిక్కదనం కోసం వేరే పదార్థాలు కలిపి ఉంటాయి. అవి ఈ పనికి అసలు పనికిరావు.

బ్లీచ్‌లో నానబెట్టిన రాయిని పూర్తిగా కడిగి, థయోసల్ఫేట్ వేసి, ఆరబెట్టాకే ఆసిడ్ దగ్గరికి తీసుకురావాలి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో సైనికుల మీదికి వదిలిన వాయువు అది. రెండు పనులూ ఒకే రోజు, ఒకే టబ్బులో పెట్టుకోకపోవడం మంచిది.

బయట దొరికే ఏ రాయి అయినా పనికొస్తుందా అని అడిగేవాళ్లుంటారు. విశాఖ తీరంలో కనిపించే ఖొండలైట్ రాళ్లు సున్నపురాళ్లు కావు, గార్నెట్, ఇనుము ఉన్న రూపాంతర శిలలు. సముద్రపు ఒడ్డున దొరికినంత మాత్రాన అవి పగడపు దిబ్బ రాళ్లు కావు. కడప బండ, తాండూరు బండ సున్నపురాళ్లే, ఆసిడ్ చుక్క వేస్తే నురగ వస్తుంది. కానీ అవి గట్టిగా ఒత్తుకుపోయిన పలకలు. లోపల రంధ్రాలు లేనిచోట నైట్రేట్‌ను విడగొట్టే బ్యాక్టీరియాకు చోటు ఉండదు. అందానికి ఒక ముక్క పెట్టుకోవచ్చు, ఫిల్టర్ పని ఆశించకూడదు. సిమెంటులో ఆల్చిప్పల నలుసు, కల్లుప్పు కలిపి పోసుకుని, ఉప్పు కరిగాక గుల్లగా మిగిలే రాయిని ఇంట్లోనే చేసుకునేవాళ్లున్నారు. మంచి దారే. కాకపోతే సిమెంటు సున్నాన్ని వదులుతూ పీహెచ్‌ను 11 దాకా తోస్తుంది. నీళ్లు మారుస్తూ వారాల తరబడి నానబెట్టి, కొత్త నీళ్లలో పెట్టిన రెండు రోజుల తర్వాత కూడా పీహెచ్ 8.5 దాటకపోతేనే అది సిద్ధం.

శుభ్రమైన ఎండు రాయిలో బ్యాక్టీరియా ఏమీ ఉండదు కాబట్టి దాన్ని పెంచాలి. టబ్బులో అమ్మోనియం క్లోరైడ్ వేసి అమ్మోనియాను 2 పీపీఎంకు తెచ్చి, సీసాలో అమ్మే నైట్రిఫయింగ్ బ్యాక్టీరియాను వేసి ఆగడమే పద్ధతి. ఇది నిదానంగా పెరిగే జాతి. కుళ్లును తినే మామూలు బ్యాక్టీరియా గంటలోపే రెట్టింపు కాగలిగితే, దీనికి సగం రోజో, రోజో పడుతుంది. రెండు నుంచి ఆరు వారాలు పట్టడం అందుకే. ఎండు రాయితో మొదలైన ట్యాంకులో మొదటి నెలల్లో గోధుమరంగు డయాటమ్ పొర, ఒక్కోసారి జిగురుగా వేలాడే డైనోఫ్లాజెల్లేట్లు వస్తాయి. చోటు ఖాళీగా ఉన్నప్పుడు ముందు వచ్చినవాళ్లదే రాజ్యం. నమ్మకమైన స్నేహితుడి ట్యాంకులో ఏళ్లుగా ఉన్న మనిషి చేసిన రాయి ముక్కో, పిడికెడు ఇసుకో తెచ్చి పక్కన పెడితే రకరకాల జీవులు పట్టుకుని ఆ దశ త్వరగా దాటుతుంది. సముద్రపు రాయి తేకుండా దాని లాభం కొంతైనా పొందడానికి ఉన్న మంచి దారి ఇదే. తెచ్చిన ముక్కకు మాత్రం పైన చెప్పుకున్న పరాన్నజీవి, రాగి పరీక్షలు తప్పవు.

నీళ్ల దగ్గర చేసే తప్పు

టబ్బుకైనా ట్యాంకుకైనా ఉప్పు కలిపేది ఏ నీళ్లలో అన్నది ఇక్కడ విడిగా చెప్పుకోవాల్సిన విషయం. బోరు నీళ్లలో టీడీఎస్ (కరిగిన లవణాలు), నైట్రేట్ ఎక్కువ. ఇంట్లో ఆర్‌ఓ ఉందిగా అనుకుంటే, ఈమధ్య చాలా మెషీన్లలో నీళ్లకు ఆరోగ్యం పేరుతో రాగి కలిపే కార్ట్రిడ్జ్ ఉంటుంది. మనిషికి ఆ మోతాదు ఏమీ కాదు, నత్తకూ పగడానికీ అది విషం. రాయి దాన్ని దాచుకుంటుంది కూడా. ఆ కార్ట్రిడ్జ్‌ను దాటించి, మెంబ్రేన్ నుంచి వచ్చే నీళ్లనే పట్టుకోవాలి, వీలైతే దానికి మిగిలిన అయాన్లను లాగేసే డీఅయొనైజింగ్ రెజిన్ తగిలించాలి. తీరంలో ఉండేవాళ్లు సముద్రపు నీళ్లే తెచ్చుకోవచ్చు. కానీ వానాకాలం చివర గోదావరి, ఉత్తరాన గంగ, మహానది తెచ్చే వరద నీళ్లు కలిసి మన తీరంలో ఉప్పు బాగా తగ్గుతుంది. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూడకుండా ఆ నీళ్లు వాడకూడదు.

ఎంత రాయి అన్న ప్రశ్నకు గ్యాలనుకు ఒకటి, ఒకటిన్నర పౌండ్లు అన్న పాత అమెరికా లెక్క ఇంకా తిరుగుతోంది. మన కొలతల్లో 200 లీటర్ల ట్యాంకుకు 24 నుంచి 36 కిలోలు. రాయి గుల్లగా ఉంటే అందులో సగం కూడా చాలు. బరువు ఎక్కువైతే పనికొచ్చే రంధ్రాలు తక్కువన్నమాట. ఆ లెక్కను పక్కన పెట్టేయొచ్చు.

సిద్ధమైందని తెలిసేది ఎలా? వాసన పోయి సముద్రపు గాలి వాసన మిగలాలి. నీళ్లు మార్చకుండా వారం రోజులు అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి. చివరగా అమ్మోనియం క్లోరైడ్‌తో అమ్మోనియాను ఒక పీపీఎంకు తెచ్చి, మర్నాటికి రెండూ మళ్లీ సున్నాకు వస్తే రాయి పని చేస్తోందని అర్థం. జీవులున్న సముద్రపు రాయికి ఈ చివరి పరీక్ష వద్దు, మొదటి రెండూ చాలు.

రాయిని ట్యాంకులో పేర్చేటప్పుడు అద్దం అడుగున మొదట రాళ్లు, తర్వాత ఇసుక. ఇసుక మీద రాయి పెడితే కింద తవ్వుకునే చేపలు, రొయ్యలు దాన్ని కూల్చుకుంటాయి. రాళ్లకీ వెనక అద్దానికీ మధ్య నీళ్లు పారేంత ఎడం వదలాలి. టబ్బు నుంచి ట్యాంకుకు మార్చే పది నిమిషాల్లోనూ కొన్ని జీవులు చస్తాయి కాబట్టి మొదటి వారం అమ్మోనియా కొద్దిగా తలెత్తవచ్చు. అది దిగాకే మొదటి చేప, అదీ ఒక్కటే, చిన్నది. టబ్బులో మిగిలిన నీళ్లను మాత్రం ట్యాంకులో పోయకూడదు. అందులో అన్ని వారాల నైట్రేట్, ఫాస్ఫేట్ పేరుకుని ఉంటుంది. ఆ నీళ్లలోకి బ్లీచ్ వేసి, ఒక రోజు ఉంచాకే పారబోయాలి. అడుగున చిక్కిన పురుగులు, అయిప్టేషియా ముక్కలు బతికుండగా మురుగు కాలువ పట్టుకుని సముద్రం దాకా వెళ్లకూడదు.